ఏ గ్రీకు, ఎవరి సొమ్ము, ఏ ప్రతి: విశ్వవిద్యాలయాల గ్రీకు కేంద్రాల లోపలి పని

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి గ్రీకు పేరుతో నడిచే చోట్లు కనీసం మూడున్నాయి. వాషింగ్టన్‌లోని వైట్‌హేవెన్ వీధిలో సెంటర్ ఫర్ హెలెనిక్ స్టడీస్ ఉంది. దానికి దగ్గర్లోనే, జార్జ్‌టౌన్‌లో, డంబార్టన్ ఓక్స్ ఉంది. ఇక అసలు క్యాంపస్ ఉన్న మసాచుసెట్స్ కేంబ్రిడ్జ్‌లో క్లాసిక్స్ విభాగం, కవి జార్జ్ సెఫెరిస్ పేరు పెట్టిన ఆధునిక గ్రీకు ఆచార్య పీఠం ఉన్నాయి. బయటి నుంచి చూసేవాళ్లకు ఇవన్నీ ఒకే పనికి పెట్టిన శాఖల్లా కనిపిస్తాయి. అసలు సంగతి వేరు. మొదటిది హోమరు, ప్లేటోల ప్రాచీన గ్రీకుది. రెండోది కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా 1453 వరకు సాగిన బైజాంటియం గ్రీకుది. మూడోచోట ఉన్న సెఫెరిస్ పీఠం ఇవాళ ఏథెన్సులో మాట్లాడే గ్రీకుది. ఒకచోట చెయ్యాల్సిన దరఖాస్తు ఇంకోచోట చేస్తే, ఎంత మంచి పరిశోధన ప్రతిపాదనైనా మొదటి వడపోతలోనే పక్కకు పోతుంది.

గ్రీకులు తమ భాషను ఇలా మూడు ముక్కలుగా చూడరు. హోమరుకు ముందరి మైసీనియా కాలపు మట్టి పలకల నుంచి ఈనాటి దినపత్రిక దాకా అది వాళ్లకు ఒకటే ధార. పశ్చిమ ఐరోపా విశ్వవిద్యాలయాలు మాత్రం ప్రాచీన గ్రీకును లాటిన్‌తో జతకట్టి 'క్లాసిక్స్' అన్నాయి. బైజాంటియంను మధ్యయుగ చరిత్రకారులకు, క్రైస్తవ మత చరిత్రకారులకు వదిలాయి. ఆధునిక గ్రీకుకు చాలాకాలం చోటే ఇవ్వలేదు. ఆ కోత గుర్తు ఇప్పటికీ చెరగలేదు. దాన్ని కుట్టడానికి జరిగిన ప్రయత్నాల్లో పేరున్నది ప్రిన్స్‌టన్‌ది. స్టాన్లీ సీగర్ 1979లో ఇచ్చిన నిధితో అక్కడ మూడు కాలాల గ్రీకునూ ఒకే కప్పు కిందకు తెచ్చారు. అందుకే, పదో శతాబ్దపు లేఖకుడు ప్రాచీన కావ్యాన్ని ఎలా నకలు చేశాడు అన్నటువంటి రెండు కాలాలకూ చెందిన ప్రశ్నకు అలాంటి చోట తేలిగ్గా చోటు దొరుకుతుంది.

ఇక సొమ్ము సంగతి. వాషింగ్టన్‌లోని సెంటర్ ఫర్ హెలెనిక్ స్టడీస్‌కు స్థలం మేరీ బీల్ ఇచ్చారు. మూలనిధి పాల్ మెలన్ కుటుంబ సంపదతో నడిచిన ఓల్డ్ డొమినియన్ ఫౌండేషన్ నుంచి వచ్చింది. 1960ల మొదట్లో పని మొదలైనప్పుడు మొదటి డైరెక్టరు బెర్నార్డ్ నాక్స్. ఇక్కడ డిగ్రీలు ఇవ్వరు, సెమిస్టర్లు లేవు. పరిశోధకులను ఎంపిక చేసి, గ్రంథాలయం, కొంతకాలం ఖాళీ సమయం ఇస్తారు. 2008 నుంచి గ్రీసులోని నాఫ్ప్లియోలో కూడా ఒక శాఖ ఉంది.

మూలనిధి అంటే ఖర్చుపెట్టే డబ్బు కాదు. అసలును ముట్టుకోరు. దాని మీద వచ్చే రాబడి నుంచి ఏడాదికి సాధారణంగా నిధి విలువలో 4 నుంచి 5 శాతం మాత్రమే తీస్తారు. అంటే కోటి రూపాయల నిధికి ఏటా నాలుగైదు లక్షలు. ఒక ఆచార్యుడి జీతం శాశ్వతంగా నడవాలంటే ఎంత పెద్ద మొత్తం కావాలో ఈ లెక్కే చెబుతుంది. మంచి మనసుతో మొదలైన చిన్న పీఠాలు పదేళ్లలో వెలవెలబోవడానికి ఇదే కారణం: జీతానికి సరిపోయే నిధి పోగవుతుంది, పుస్తకాలకూ ప్రయాణాలకూ ఏమీ మిగలదు.

దాత పెట్టే షరతు ఇంకా పెద్ద చిక్కు. దీనికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ లండన్ కింగ్స్ కాలేజీలో ఆధునిక గ్రీకు, బైజాంటియం చదువులకు పెట్టిన కొరయీస్ పీఠం. అక్కడి గ్రీకు వర్తకులు చందాలు వేసుకుని దాన్ని పెట్టించారు, గ్రీసు ప్రభుత్వం తోడు నిలిచింది. 1919లో మొదటి ఆచార్యుడిగా వచ్చినవాడు చరిత్రకారుడు ఆర్నాల్డ్ టాయిన్‌బీ. 1921లో గ్రీకు సైన్యం ఆసియా మైనరులో యుద్ధం చేస్తుండగా ఆయన అక్కడికి వెళ్లి, టర్కీ పౌరుల మీద ఆ సైన్యం చేసిన దురాగతాల గురించి మాంచెస్టర్ గార్డియన్‌కు రాశాడు. చందాదారులు భగ్గుమన్నారు. పీఠం షరతుల్లో చందాదారుల సంఘానికి కొంత అజమాయిషీ ఉందన్న సంగతి అప్పుడు గానీ చాలామందికి తెలియలేదు. చివరకు 1924లో టాయిన్‌బీ తప్పుకోవాల్సి వచ్చింది. ఆచార్యుడిని దాత నియమించడు, తొలగించడు, నివేదికలు అడగడు అని ఒప్పందంలో ముందే రాసుకోకపోతే ఏమవుతుందో చూపించే ఈ ఉదంతాన్ని, ప్రవాసులు తమ భాషకు విదేశంలో పీఠం పెట్టించాలనుకునే ప్రతిచోటా ఒకసారి చదువుకోవడం మంచిది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో తెలుగు కోసం నిధులు పోగుచేసేవాళ్లు కూడా అందులో ఉన్నారు.

భవనం, డబ్బు అలా ఉండగా, లోపల జరిగే పనిని ఒక్క ఉదాహరణతో చూద్దాం.

వెనిస్‌లోని మార్చియానా గ్రంథాలయంలో హోమరు కావ్యం ఇలియడ్ రాతప్రతి ఒకటుంది. పండితులు దాన్ని 'వెనెటస్ ఏ' అంటారు. పదో శతాబ్దంలో తోలు పత్రాల మీద రాసింది. 320కి పైగా ఆకులు, పుటకు సాధారణంగా 25 పంక్తులు. 1468లో కార్డినల్ బెస్సారియన్ తన గ్రంథాలన్నీ వెనిస్ నగరానికి ధారపోసినప్పుడు అతని సేకరణకు చెందిన ఈ ప్రతి కూడా అక్కడికి చేరింది. పుట మధ్యలో మూలం, చుట్టూ అంచుల్లో చిన్న అక్షరాలతో వ్యాఖ్యానం, మూలానికీ అంచుకూ మధ్యనున్న సందులో ఇంకొన్ని చిన్న వ్యాఖ్యలు, పంక్తుల నడుమ మరికొన్ని. వీటిని స్కోలియా అంటారు. మన తాళపత్రాల్లో మూలమూ టీకా కలగలిసి సాగితే, ఇక్కడ ఒక్కో రకం వ్యాఖ్యకు పుటలో ఒక్కో తావు ఉంది. ఏ తావులో ఉందన్నది కూడా సాక్ష్యమే, ఎందుకంటే లేఖకుడు ఒక్కో రకాన్ని ఒక్కో మూలం నుంచి ఎత్తి రాసుకుని ఉండొచ్చు.

ఆ వ్యాఖ్యల విలువ ఏమిటంటే, అవి పదో శతాబ్దపు మాటలు కావు. చాలా కాండల చివర లేఖకుడు తన మూలాలు చెప్పాడు: గుర్తుల గురించి అరిస్టోనికస్, అరిస్టార్కస్ చేసిన పరిష్కరణ గురించి డిడిమస్, ఉచ్చారణ స్వరాల గురించి హెరోడియన్, విరామాల గురించి నికానోర్. ఈ నలుగురూ క్రీస్తుశకం తొలి రెండు శతాబ్దాల అటూ ఇటూ ఉన్న పండితులు. వాళ్లు చర్చించింది అలెగ్జాండ్రియాలో క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో అరిస్టార్కస్ చేసిన పని. వాళ్ల అసలు గ్రంథాలు పోయాయి. అంచుల్లో ఇరికించిన ఈ ముక్కలే మిగిలాయి. 1788లో విల్వాసో వీటిని అచ్చువేశాకే, హోమరు పాఠం మొదటి నుంచీ స్థిరంగా లేదన్న వాదనకు ఐరోపాలో గట్టి పునాది దొరికింది.

ఎడమ అంచున అరిస్టార్కస్ గుర్తులు కనిపిస్తాయి. పంక్తి పక్కన అడ్డగీత ఉంటే అది హోమరుది కాదేమోనని ఆయన అనుమానం. అంటే ప్రక్షిప్తం అని. కానీ దాన్ని తీసెయ్యలేదు, గీత పెట్టి ఉంచాడు. బాణం కొనలాంటి గుర్తు ఉంటే అక్కడ గమనించాల్సిన విషయం ఉంది. ఆ కొనకు చుక్కలుంటే తనకు ముందరి పరిష్కర్త జెనోడోటస్‌తో తగాదా. నక్షత్రం ఉంటే ఆ పంక్తి ఇంకోచోట కూడా వస్తుంది. నక్షత్రమూ అడ్డగీతా రెండూ ఉంటే ఆ ఇంకోచోటే దాని అసలు తావు, ఇక్కడ కాదు. లేఖకుడు గుర్తు పెట్టడం మరిచిపోయిన చోట్లు లేకపోలేదు. 'ఈ గుర్తు ఎందుకంటే' అని అరిస్టోనికస్ మాట అంచులో ఉంటుంది, పంక్తి పక్కన గుర్తు ఉండదు. అచ్చుప్రతిలో పరిష్కర్త దాన్ని చడీచప్పుడు లేకుండా నింపేస్తే, పదో శతాబ్దంలో ఏం పోయిందో మనకు ఎప్పటికీ తెలియదు.

హార్వర్డ్ కేంద్రం అండతో నడిచే 'హోమర్ మల్టీటెక్స్ట్' పథకం ఈ తావులోనే మొదలవుతుంది. కేసీ డ్యూ, మేరీ ఎబట్, క్రిస్టఫర్ బ్లాక్‌వెల్, నీల్ స్మిత్ దాని ముఖ్యులు. 2007 మే నెలలో వాళ్ల బృందం వెనిస్ వెళ్లి వెనెటస్ ఏను ఆకు ఆకూ 39 మెగాపిక్సెల్ కెమెరాతో ఫొటో తీసింది. చిత్రాలను ఎవరైనా దించుకోవడానికి వీలుగా ఉచిత లైసెన్సుతో పెట్టారు. వెయ్యేళ్ల తోలు పత్రం ఎండిన అప్పడంలా వంకర తిరిగి ఉంటుంది. దాన్ని అద్దం కింద నొక్కితే సిరా పెచ్చులూడుతుంది. అందుకని వంకరను వంకరగానే ఉంచి, దాని రూపాన్ని త్రిమితీయ స్కానరుతో విడిగా కొలిచారు. సిరా వెలిసిపోయి మామూలు వెలుతురులో కనబడని వ్యాఖ్యలకు అతినీలలోహిత కాంతి వాడారు. 1901లో వచ్చిన పాత ఫొటో ప్రతిలో బూడిదరంగు మచ్చగా ఉన్నచోట ఇప్పుడు అక్షరాలు చదవచ్చు.

ఫొటో తీయడంతో సగం పని కూడా కాదు. ఒక పుటను పాఠంగా మార్చడానికి ముందు, దాని మీద ఎన్ని వ్యాఖ్యలున్నాయో, ఏది ఏ తావులో ఉందో జాబితా వేస్తారు. ఆ జాబితా లేకుండా నేరుగా ఎత్తి రాయడం మొదలుపెడితే పంక్తుల నడుమ ఉన్న రెండు మూడు మాటల వ్యాఖ్యలు ఖాయంగా జారిపోతాయి. తరవాత ప్రతి వ్యాఖ్యనూ చిత్రంలోని దాని చోటుకు ముడివేస్తారు. చిత్రం వెడల్పును, ఎత్తును 1గా తీసుకుని, ఎడమ నుంచి ఎంత, పైనుంచి ఎంత, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అని నాలుగు దశాంశ సంఖ్యలు రాస్తారు. పిక్సెళ్లలో రాస్తే చిత్రం చిన్నది చేసినప్పుడు లెక్క తప్పుతుంది, నిష్పత్తిలో రాస్తే తప్పదు. ఆ ముడి పడ్డాకే పాఠాన్ని ఎత్తి రాస్తారు. లేఖకుడి తప్పును దిద్దరు. అతను కుదించి రాసిన మాటను విప్పి రాసినా, కుదింపును కూడా పక్కన ఉంచుతారు.

తరవాత యంత్రం వంతు. ప్రతి మాటనూ గ్రీకు వ్యాకరణం తెలిసిన ప్రోగ్రాముకు ఇస్తారు. అది గుర్తుపట్టని మాటలు విడిగా వస్తాయి. అందులో కొన్ని విద్యార్థి చేసిన తప్పులు, కొన్ని లేఖకుడివి. పదో శతాబ్దం నాటికి గ్రీకులో కొన్ని అచ్చులూ, జంట అచ్చులూ 'ఇ' అన్న ఒకే పలుకుకు వచ్చేశాయి. అందువల్ల చెవితో విని రాసినట్టుండే దోషాలు ఎక్కువ. అలాంటిది కనబడగానే 'సరిచేసి' పెట్టాలని చెయ్యి లాగుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు అదే. హోలీ క్రాస్ వంటి కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులే ఈ పని చేశారు. ఇద్దరు విడివిడిగా చదవడం, తేడా వచ్చినచోట మళ్లీ చిత్రం దగ్గరికి వెళ్లడం అన్నదే ఇందులో నమ్మకానికి ఆధారం. ఏళ్ల తరబడి ఒక్క పండితుడే కూర్చుని చేసే పని కంటే ఇది మెరుగని నా అభిప్రాయం. కారణం విద్యార్థులు తెలివైనవాళ్లని కాదు, ప్రతి మాటా చిత్రానికి ముడిపడి ఉంటుంది కాబట్టి మూడో మనిషి ఎప్పుడైనా తనిఖీ చేసుకోగలడు.

పంక్తి సంఖ్యల దగ్గర అసలు తలనొప్పి మొదలవుతుంది. అచ్చయిన ఇలియడ్‌లో 24 కాండలు, 15,693 పంక్తులు. తొమ్మిదో కాండలో 458 నుంచి 461 వరకు నాలుగు పంక్తులున్నాయి: తండ్రిని చంపాలన్న ఆలోచన తనకు వచ్చిందని ముసలి ఫీనిక్స్ చెప్పేవి. ఆ నాలుగూ ఏ మధ్యయుగ రాతప్రతిలోనూ లేవు. ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ వాటిని ఉదాహరిస్తూ, అరిస్టార్కస్ భయపడి తీసేశాడని రాశాడు. ఆధునిక పరిష్కర్తలు వాటిని తెచ్చి అచ్చులో పెట్టారు, సంఖ్యలు ఇచ్చారు. దాంతో వెనెటస్ ఏలో 457 పక్క పంక్తి 462 అవుతుంది. కంప్యూటరుతో ఒకటి, రెండు అని వరసగా లెక్కపెట్టించినవాళ్లకు ఇక్కడి నుంచి కాండ చివరిదాకా నాలుగు తప్పుతూ పోతుంది, ప్రతి వ్యాఖ్యా వేరే పంక్తికి అతుక్కుంటుంది.

దీనికి విరుగుడుగా వాళ్లు వాడే సూచికలో కోలన్లతో విడదీసిన ఐదు భాగాలుంటాయి. మొదటి రెండూ ఏ రకం సూచికో చెబుతాయి. మూడోది గ్రీకు సాహిత్యం అని. నాలుగోదానిలో చుక్కలతో విడిపోయిన మూడు సంగతులు: హోమరుకు 0012, ఇలియడ్‌కు 001, ఆపైన ఏ రాతప్రతి అన్నది. ఐదోది కాండ, పంక్తి. నాలుగో భాగంలో రాతప్రతి పేరు వదిలేస్తే ఏ ప్రతైనా సరే అని అర్థం, రాస్తే ఆ ప్రతిలో మాత్రమే. సంఖ్య ఇక్కడ లెక్క కాదు, పేరు. 457 తరవాత 462 రావడంలో తప్పేమీ లేదు. ఇంత చిన్న మార్పుతో, ఒకే పంక్తి వెనెటస్ ఏలో, ఒక పపైరస్ (ప్రాచీన రెల్లు కాగితం) ముక్కలో, ప్లూటార్క్‌లో ఎలా ఉందో పక్కపక్కన పెట్టుకోవచ్చు. క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల పపైరస్‌లలో అచ్చుప్రతిలో లేని అదనపు పంక్తులు వస్తాయి. వాటికి ముందు పంక్తి సంఖ్యకు అక్షరం తగిలించి పేరు పెడతారు.

ఇంత శ్రమ ఎందుకు, ఉన్న ప్రతులన్నీ పోల్చి ఒక శుద్ధప్రతి తయారు చేస్తే పోదా అని అడగవచ్చు. ఇదే పండితుల మధ్య పాత తగాదా. మార్టిన్ వెస్ట్ 1998, 2000 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా ఇలియడ్‌ను పరిష్కరించి, ఒక కవి రాసిన పాఠానికి వీలైనంత దగ్గరికి వెళ్లడమే లక్ష్యమన్నాడు. 2000 నుంచి 2021 వరకు వాషింగ్టన్ కేంద్రానికి డైరెక్టరుగా ఉన్న గ్రెగరీ నాగీ మాట వేరు. ఇలియడ్ పాడుతూ పాడుతూ శతాబ్దాల మీదుగా గట్టిపడిన కావ్యమనీ, పాఠాంతరాల్లో చాలావాటిని దోషాలుగా కాక ఒకప్పుడు నిజంగా పాడిన రూపాలుగా చూడాలనీ ఆయన అంటాడు. ఈ ఆలోచనకు వేరు హార్వర్డ్‌లోనే ఉంది. 1933 నుంచి 1935 వరకు మిల్మన్ పారీ, అతని శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ యుగోస్లావియాలో కథాగాయకుల పాటలను అల్యూమినియం పళ్లేల మీద రికార్డు చేసుకొచ్చారు. అవ్డో మెజెడోవిచ్ అనే గాయకుడు చదువు రాకపోయినా 12 వేలకు పైగా పంక్తుల కథ చెప్పాడు. నాగీ భారతదేశపు మౌఖిక వీరగాథల మీద జరిగిన పరిశోధనలను కూడా వాడుకున్నాడు: ఊళ్ల మధ్య వ్యాపించేకొద్దీ కథ స్థానిక రంగు పోగొట్టుకుని ఎలా మారుతుందో చూపడానికి. పల్నాటి వీరుల కథను పాడే వీరవిద్యావంతులను విన్నవాళ్లకు ఇదేమంత వింత కాదు. అయితే నాగీ వాదానికీ హద్దుంది. ప్రతి పాఠాంతరాన్నీ ప్రదర్శన భేదమే అంటే నిద్రమత్తులో లేఖకుడు చేసిన తప్పుకు కూడా గౌరవం దక్కుతుంది. హాయిగా కావ్యం చదువుకోవాలనుకునేవాళ్లకు వెస్ట్ ప్రతే కావాలి. మల్టీటెక్స్ట్ చదువుకునే పుస్తకం కాదు, సాక్ష్యాల గది.

గ్రీకు పాఠాలను కంప్యూటరులో వెతికేవాళ్లకు రెండు మూడు హెచ్చరికలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ క్యాంపస్‌లో 1972లో మొదలైన థెసారస్ లింగ్వే గ్రేకే అన్నిటికన్నా పెద్ద గ్రీకు భాండాగారం. కానీ ప్రతి గ్రంథానికీ ఒక్క అచ్చుప్రతి పాఠమే ఎక్కించారు, అడుగున ఉండే పాఠాంతరాల పట్టిక ఎక్కించలేదు. 'ఈ మాట హోమరులో ఎక్కడా లేదు' అని దాన్ని మాత్రమే చూసి తేల్చేస్తే, అడుగుపట్టికలో ఉన్న మాట తప్పిపోతుంది. పైగా మొత్తం భాండాగారానికి చందా కట్టాలి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు పెర్సియస్ ఉచితం, అందులోనూ పాత అచ్చుప్రతులే ఎక్కువ.

రెండోది యూనికోడ్ గొడవ. గ్రీకు అచ్చు మీద పెట్టే ఒకే స్వర గుర్తుకు రెండు సంకేతాలున్నాయి: ఆధునిక గ్రీకు వరసలో ఒకటి, ప్రాచీన గ్రీకు వరసలో ఇంకొకటి. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి, వెతికితే ఒకటి ఇంకోదానికి దొరకదు. తెలుగులో 'ై' గుర్తును ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ రాయడానికి వీలున్నట్టే ఇది. వెతికే ముందు పాఠాన్నీ వెతుకుతున్న మాటనూ రెంటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మార్చుకుంటే ఈ బెడద పోతుంది. లోపించిన అచ్చుకు గుర్తుగా పెట్టే కామాలాంటి గీతకు కూడా మూడు నాలుగు సంకేతాలు వాడుకలో ఉన్నాయి. దాన్ని ఎన్‌ఎఫ్‌సీ సరిచెయ్యదు, చేత్తో మార్చుకోవాలి.

చేరువలో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో గ్రీకు అధ్యయన పీఠం ఒకటుంది. ఏథెన్సులో పుట్టి, 1786లో కలకత్తా గ్రీకు వర్తకుల పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చి, తరవాత కాశీలో స్థిరపడి సంస్కృత గ్రంథాలను గ్రీకులోకి తెచ్చిన దిమిత్రియోస్ గలానోస్ పేరు దానికి పెట్టారు. హార్వర్డ్ కేంద్రం ప్రచురించే పుస్తకాల్లో చాలావాటిని వెబ్‌లో ఉచితంగా చదవచ్చు.

ఏ మాట ఏ ప్రతిలో ఉందో చూసుకునే ఈ పద్ధతి మన చరిత్రలో పనికొచ్చే చోటొకటి ఉంది. ఆంధ్రులకు 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని మెగస్తనీసు రాశాడు అని తెలుగు పుస్తకాల్లో తరచుగా కనబడుతుంది. మెగస్తనీసు గ్రీకులో రాసిన ఇండికా ఎప్పుడో పోయింది. ఆ వాక్యం ఉన్నది రోమన్ రచయిత ప్లినీ లాటిన్‌లో రాసిన నాచురల్ హిస్టరీ ఆరో సంపుటం 67వ ఖండికలో. అక్కడ జాతి పేరు 'అందరే' అని ఉంది, ఆ వాక్యంలో మెగస్తనీసు పేరు లేదు. ప్లినీ చుట్టుపక్కల ఖండికల్లో అతన్ని పేర్కొన్నాడు కాబట్టి ఇది కూడా అతనిదేనని పండితులు ఊహించారు. 1846లో ష్వాన్‌బెక్ ముక్కలన్నీ ఏరి కూర్చిన సంకలనం, 1877లో మెక్రిండిల్ ఇంగ్లీషు అనువాదం ద్వారా అది మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. ఊహ సమంజసమైనదే కావచ్చు. కానీ ఆ అంకెలను వాడుకునేటప్పుడు 'ప్లినీ 6.67, బహుశా మెగస్తనీసు నుంచి' అని రాయాలి. మెగస్తనీసు కాలానికీ ప్లినీ కాలానికీ మధ్య దాదాపు మూడున్నర శతాబ్దాల ఎడం ఉంది. ఆ అంకెలు ఏ కాలపు ఆంధ్రులవన్నది ఆ 'బహుశా' మీదే ఆధారపడి ఉంది.